ముక్క తీస్తే జబ్బు పాకుతుందా?

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. అమ్మకు 58 ఏళ్లు. బీడీ, చుట్ట అలవాటు లేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచి కట్టెల పొయ్యి మీదే వంట. బీపీ, షుగర్ ఉన్నాయి. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పల్చబడే మాత్ర వాడుతోంది. నాలుగు నెలలుగా దగ్గు, సాయంత్రం పూట నలతగా జ్వరం. బాగా చిక్కిపోయింది. ఉమ్మి పరీక్ష రెండుసార్లు చేయిస్తే ఏమీ లేదన్నారు. ఎక్స్‌రేలో కుడివైపు నీడ ఉందని ఒక డాక్టరుగారు టీబీ మాత్రలు మొదలుపెట్టారు. రెండు నెలలైనా తేడా లేదు. ఇప్పుడు సీటీ స్కాన్ తీస్తే కుడి ఊపిరితిత్తి మధ్యభాగం ముడుచుకుపోయిందని, రెండు ఊపిరితిత్తుల మధ్యలో ఉండే గ్రంథులు వాచాయని వచ్చింది. తిరుపతిలో ఊపిరితిత్తుల డాక్టరు బ్రాంకోస్కోపీ (ఊపిరిగొట్టంలోకి కెమెరా గొట్టం పంపి చూడటం), ఈబస్ (గొట్టం కొసన ఉన్న అల్ట్రాసౌండ్‌తో గ్రంథిని చూస్తూ సూది వేయడం) చేసి ముక్క తీయాలంటున్నారు. ముక్క తీస్తే గడ్డ కదిలి ఒళ్లంతా పాకుతుందని, నేరుగా వేలూరు పోయి ఆపరేషన్ చేయించేయమని మా మేనమామ పట్టుబడుతున్నాడు. గొంతులో గొట్టం వేస్తే ఊపిరాడక పోతానని అమ్మ భయం. పైగా అలిపిరి నుంచి నడిచి కొండెక్కే మొక్కు ఉంది, అది తీరేదాకా ఏ పరీక్షా వద్దంటోంది. విషయం చెప్పకుండా 'మామూలు ఎండోస్కోపీ' అని తీసుకెళ్లవచ్చా?
– పుత్తూరు నుంచి ఒక పాఠకుడు

సమాధానం: మీ మేనమామగారి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఇంట్లో పరీక్షను అడ్డుకుంటున్నది అదే. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందన్న భయం మన దగ్గర ఎంతగా నాటుకుపోయిందంటే, బాగా చదువుకున్నవాళ్లు కూడా ఓపీలో అందరూ బయటికి వెళ్లాక గొంతు తగ్గించి ఇదే అడుగుతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. చాలామంది జబ్బు ముదిరాకే ముక్క పరీక్షకు వస్తారు. ఆ తర్వాత రెండు మూడు నెలలకు మనిషి పోతే నింద జబ్బు మీద కాక సూది మీద పడుతుంది. శ్వాసనాళం లోపలి నుంచి సన్నటి సూదితో గ్రంథిలోని నమూనా తీసినందువల్ల జబ్బు పాకడమన్నది ఎక్కడో ఒకటీ అరా తప్ప వినని సంగతి. జబ్బేమిటో తేల్చకుండా గడిపిన నెలల్లో అది పాకడం మాత్రం మేం తరచూ చూసేదే.

ఇక 'నేరుగా ఆపరేషన్' సంగతి. ఆ గ్రంథుల్లో ఏముందో తెలియకుండా ఏ మంచి సర్జనూ కత్తి పట్టుకోడు. ఒకవేళ క్యాన్సరై అది అక్కడిదాకా చేరి ఉంటే ఆపరేషన్ కన్నా మందులే ముందు కావాల్సి రావచ్చు. టీబీ అయితే చాలావరకు ఆపరేషనే అక్కర్లేదు. కాబట్టి వేలూరు వెళ్లినా వాళ్లు మొదట రాసేది దాదాపుగా ఇదే పరీక్ష. ఈబస్ రాకముందు ఈ గ్రంథుల కోసమే పూర్తి మత్తు ఇచ్చి, మెడ కింద కోసి, లోపలికి గొట్టం దించి ముక్క తీసేవారు. ఆ కోత తప్పించడానికే ఈబస్ వచ్చింది.

టీబీ మాత్రల గురించి. ఉమ్మిలో ఏమీ కనిపించకపోయినా మొదటి డాక్టరుగారు టీబీని అనుమానించడం వింతేమీ కాదు. మన ప్రాంతానికి టీబీతో పాత పరిచయమే ఉంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం వందేళ్ల కిందట వెలిసింది దీని కోసమే. దగ్గు, సాయంత్రం జ్వరం, చిక్కిపోవడం, ఎక్స్‌రేలో నీడ అనగానే ఇక్కడ ఏ డాక్టరుకైనా ముందు టీబీయే తడుతుంది. నా అభ్యంతరం అనుమానం మీద కాదు, నమూనా లేకుండా మాత్రలు మొదలుపెట్టే అలవాటు మీద. ఉమ్మి పరీక్ష నెగటివ్ వచ్చిందంటే టీబీ లేదని కాదు, ఉందనీ కాదు. పెద్దవయసు ఆడవాళ్లలో చాలామంది కఫాన్ని మింగేస్తారు, డబ్బాలో పడేది ఉత్త లాలాజలం. పైగా ఆ భాగానికి వెళ్లే నాళమే మూసుకుపోయి ఉంటే లోపలున్నది బయటికి రాదు. అలాంటప్పుడు లోపలికి వెళ్లి తెచ్చుకోవాలి. బ్రాంకోస్కోపీ పని అదే.

అమ్మగారి విషయంలో ఏమేం ఉండవచ్చు? టీబీ ఉండవచ్చు, మామూలు మందులకు లొంగని మొండి టీబీ కూడా కావచ్చు. క్యాన్సర్ ఉండవచ్చు, పొగతాగని ఆడవాళ్లకూ ఇది వస్తుంది. సార్కాయిడోసిస్ అని గ్రంథులు వాచే ఇంకో జబ్బుంది, టీబీని అచ్చంగా పోలి ఉంటుంది. ఎప్పుడో పొరబోయిన వక్క ముక్కో, చెనిక్కాయ పప్పో నాళంలో ఇరుక్కుని చుట్టూ కండ పెరిగినా స్కాన్‌లో గడ్డలాగే కనిపిస్తుంది. కుడివైపు నాళం వెడల్పుగా, తిన్నగా ఉంటుంది కాబట్టి పొరబోయినవి ఎక్కువగా అటే పోతాయి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట మాత్రం కట్టెల పొయ్యి. ఏళ్ల తరబడి పొయ్యి ముందు కూర్చుని ఊదిన ఆడవాళ్లలో ఒక జబ్బు కనిపిస్తుంది, పేరు ఆంత్రకోఫైబ్రోసిస్. కెమెరా లోపలికి వెళ్తే, మామూలుగా లేత గులాబీ రంగులో ఉండాల్సిన నాళం గోడల మీద మసి పూసినట్టు నల్లటి మచ్చలు కనబడతాయి. మచ్చ ఉన్నచోట నాళం లోపలికి లాక్కుపోయి సన్నబడి ఉంటుంది. ఇది ఎక్కువగా దెబ్బతీసేది కుడి మధ్యభాగాన్నే, మీ స్కాన్‌లో ముడుచుకుపోయిందన్న చోటే. స్కాన్‌లో క్యాన్సర్‌లా భ్రమపెడుతుంది, చాలాసార్లు పక్కనే టీబీ కూడా ఉంటుంది. అమ్మగారికి ఉన్నది ఇదేనని నేననడం లేదు. స్కాన్ చూసి ఎవరూ తేల్చలేని చిక్కు ఇది, కళ్లతో చూసి, ముక్క తీస్తేనే తేలుతుంది. గ్యాస్ సిలిండర్ ఇంట్లో ఉండి కూడా సంగటికీ వేడినీళ్లకీ ఇంకా కట్టెలే పెడుతుంటే, పరీక్ష ఫలితం ఏదైనా సరే, ఆ పని ఈరోజే ఆపించండి.

ఊపిరాడదన్న అమ్మగారి భయానికి నేను చెప్పే జవాబు కొలతల్లో ఉంది. పెద్దవాళ్ల ఊపిరిగొట్టం వెడల్పు సుమారు 15 నుంచి 20 మిల్లీమీటర్లు. బ్రాంకోస్కోపు మందం 5, 6 మిల్లీమీటర్లు, అంటే పెన్సిల్ కన్నా సన్నం. ఈబస్ గొట్టం కాస్త లావు, దాదాపు పెన్సిలంత ఉంటుంది, దాన్ని నోట్లోంచి పంపుతారు. ఎలా చూసినా గొట్టం చుట్టూ గాలికి చోటు ఉంటుంది. పైగా ముక్కుకు ఆక్సిజన్ పెడతారు, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ శాతం ప్రతి క్షణం చూస్తూనే ఉంటారు. తగ్గితే గొట్టం వెనక్కి లాగేస్తారు.

ఆ రోజు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. రాత్రి భోంచేసి పడుకుంటే పొద్దున ఏమీ తినకూడదు. కనీసం ఆరు గంటలు కడుపు ఖాళీగా ఉండాలంటారు, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు, షుగర్ మాత్ర మాత్రం ఆ పూటకు ఆపమంటారు. ఇన్సులిన్ అయితే ఎంత తగ్గించాలో అడిగి తెలుసుకోండి. కట్టుడు పళ్లుంటే తీసెయ్యాలి. గోళ్లరంగు ఉంటే తుడిచెయ్యండి, వేలి క్లిప్పు సరిగా చూపించదు. ముక్కుపుడక దగ్గర చాలామంది అమ్మలు బిగుసుకుపోతారు. ఊడదీయడం ఇష్టం లేకపోతే ముందే చెప్పండి, అటువైపు కాకుండా రెండో ముక్కురంధ్రం నుంచో, నోటి నుంచో వెళ్లవచ్చు. గొంతులో లిగ్నోకేయిన్ అనే తిమ్మిరి మందు చల్లుతారు. చేదుగా ఉండి గొంతు లావెక్కినట్టు అనిపిస్తుంది. ఆ అనుభూతినే చాలామంది 'ఊపిరాడటం లేదు' అనుకుంటారు, నిజానికి అది తిమ్మిరి. తర్వాత చేతి నరానికి మగత ఇంజక్షన్ ఇస్తారు. గొట్టం స్వరపేటిక దాటేటప్పుడు గట్టిగా దగ్గు వస్తుంది, అక్కడ మళ్లీ మందు పోస్తే సర్దుకుంటుంది. మామూలు బ్రాంకోస్కోపీ అరగంట లోపే అయిపోతుంది. ఈబస్ కలిస్తే గంట దాకా పట్టవచ్చు. ఈబస్ గొట్టం కొసన బుల్లి అల్ట్రాసౌండ్ ఉంటుంది. గోడ అవతల గ్రంథి ఎక్కడుంది, రక్తనాళం ఎక్కడుంది అని తెర మీద చూస్తూ సూది దించుతారు. గుడ్డిగా గుచ్చడం కాదు. అయిపోయాక గొంతు తిమ్మిరి వదిలేదాకా, సుమారు రెండు గంటలు, చుక్క నీళ్లు కూడా తాగనివ్వకండి. మన ఇళ్లలో బయటికి రాగానే ఎవరో ఒకరు కాఫీ ఫ్లాస్కు తెరుస్తారు. అది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇదేమీ నిన్నామొన్నటి ప్రయోగం కాదని మేనమామగారికి చెప్పండి. 1897లో జర్మనీలో గుస్తావ్ కిలియన్ అనే డాక్టరు ఒక రైతు శ్వాసనాళంలో ఇరుక్కున్న ఎముక ముక్కను ఇనుప గొట్టం వేసి బయటికి తీశాడు. ఒంగే గొట్టాన్ని 1960లలో జపాన్‌లో షిగెటో ఇకెడా తయారు చేయించాడు. ఆ ఇనుప గొట్టం ఇప్పటికీ ఉంది. పెద్ద రక్తస్రావం ఆపాలన్నా, నాళంలో స్టెంట్ వేయాలన్నా, పెద్ద వస్తువు ఇరుక్కున్నా ఆ గొట్టాన్నే వాడతారు.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సిన విషయం, గుండె మాత్ర. ముక్క తీసే ముందు, రక్తం పల్చబడే మందుల్లో ఒకటైన క్లోపిడోగ్రెల్‌ను మామూలుగా 5 నుంచి 7 రోజులు ఆపుతారు. ఆస్పిరిన్‌ను చాలాసార్లు ఆపనక్కర్లేదు. కానీ బజారులో ఈ రెండూ కలిపి ఒకే బిళ్లగా వస్తాయి. 'రక్తం పల్చబడే మాత్ర ఆపండి' అనగానే ఇంట్లోవాళ్లు ఆ బిళ్ల ఆపేస్తారు, దాంతో రెండూ ఆగిపోతాయి. స్టెంట్ ఉన్నవాళ్లకు ఇది మంచిది కాదు. అట్ట మీద పేర్లు చూసి, ఆ అట్టతో సహా స్టెంట్ వేసిన డాక్టరు దగ్గరికి వెళ్లి ఏది ఆపాలో, ఏ రోజు నుంచి ఆపాలో, ఆ వారం ఆస్పిరిన్ విడిగా వాడాలో కాగితం మీద రాయించుకోండి. రెండేళ్లు దాటింది కాబట్టి ఆయన ఒప్పుకునే అవకాశమే ఎక్కువ. మీకు మీరుగా మాత్రం ఆపకండి. టీబీ మాత్రలను కూడా అంతే, వాడుతున్నారన్న విషయం పరీక్ష చేసే డాక్టరుకు తప్పక చెప్పండి. రెండు నెలల మందు పడ్డాక కల్చర్‌లో (నమూనాలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్షలో) క్రిమి పెరగకపోవచ్చు, ఆ లెక్కతోనే వాళ్లు రిపోర్టు చదవాలి.

ఇంకొకటి, ఇది రోగుల ఇంటివాళ్లకు ఎవరూ చెప్పరు. తీసిన ముక్కంతా ఫార్మలిన్ (ముక్క చెడిపోకుండా ఉంచే ద్రవం) సీసాలో వేస్తే అది పాథాలజీకి, అంటే సూక్ష్మదర్శినిలో చూసే పరీక్షకు, బాగా పనికొస్తుంది కానీ టీబీ కల్చర్‌కు పనికిరాదు, ఫార్మలిన్‌లో క్రిమి చచ్చిపోతుంది. కొంత ఫార్మలిన్‌లో, కొంత సెలైన్‌లో వేరుగా పంపాలి. సెలైన్‌లోదాన్ని సీబీనాట్ అనే టీబీ పరీక్షకు పంపితే యంత్రం రెండు గంటల్లో టీబీ ఉందో లేదో, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో చెబుతుంది. కల్చర్‌కు ఆరు వారాల దాకా పట్టవచ్చు. అందుకని పరీక్షకు ముందే, 'సార్, టీబీకి కూడా వేరే సీసాలో పంపుతారు కదా' అని ఒక మాట అడగండి. ఏ డాక్టరూ తప్పుగా అనుకోడు. క్యాన్సర్ అని తేలినా నమూనా సరిపడా ఉండటం అవసరమే. పొగతాగనివాళ్ల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యుమార్పులు ఎక్కువగా కనిపిస్తాయి, అవి ఉంటే మాత్రలతోనే వైద్యం చేయవచ్చు. అవి చూడాలంటే మళ్లీ ఆ ముక్కే కావాలి.

ప్రమాదం అసలు లేదని అనను. గొంతు గరగర, ఒకటి రెండు రోజులు కఫంలో ఎర్రటి చారలు, ఆ రాత్రి కాస్త జ్వరం మామూలే. ఈబస్‌లో చెప్పుకోదగ్గ ఇబ్బంది నూటికి ఒకరిద్దరికి మించి రాదు. ఊపిరితిత్తి లోతుల్లోంచి ముక్క తీసినప్పుడు మాత్రం కొందరిలో గాలి బయటికి లీకై ఊపిరితిత్తి కుంచించుకుపోవచ్చు. అలాంటప్పుడు ఛాతీలో గొట్టం వేసి కొన్ని రోజులు ఉంచాల్సి రావచ్చు. ఇంటికొచ్చాక ఒక్కసారిగా ఛాతీ నొప్పితో ఆయాసం వచ్చినా, చారలు కాకుండా రక్తమే పడుతున్నా, జ్వరం మర్నాటికీ దిగకపోయినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

విషయం దాచి తీసుకెళ్లవచ్చా అన్నారు. వద్దు. కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే. అదొక్కటే కాదు, లోపల గొట్టం ఉన్నప్పుడు మాట రాదు. ఇబ్బందిగా ఉంటే చెయ్యి పైకెత్తాలి, గొట్టం పట్టి లాగకూడదు అని ముందే తెలిసిన మనిషికీ, కడుపు ఎండోస్కోపీ అనుకుని పడుకున్న మనిషికీ ఆ గదిలో చాలా తేడా ఉంటుంది. భయపడి పెనుగులాడితే మగత మందు ఎక్కువ ఇవ్వాలి, లేదా మధ్యలోనే ఆపేయాలి. క్యాన్సర్ అన్న మాట మీ నోటితో మీరు ఇప్పుడే అననక్కర్లేదు, అది మీకూ తెలియదు కదా. 'అమ్మా, మాత్రలు పనిచేయడం లేదు, ఎందుకో లోపల చూసి ఒక ముక్క తీస్తారంట, కోత లేదు' అని చెప్పండి, అది నిజమే. ఆమె అడిగితే డాక్టరు నోటితోనే చెప్పించండి. 35, 40 ఏళ్లు సంసారం ఈదిన మనిషి, మనం అనుకున్నంత సులువుగా కూలిపోదు.

ఎక్కడ చేయించాలన్నది మీ వీలు. తిరుపతిలో స్విమ్స్, రుయా రెండింటిలోనూ ఊపిరితిత్తుల విభాగాలున్నాయి. ఎక్కడికెళ్లినా ఈబస్ యంత్రం అక్కడే ఉందా, వారంలో ఏ రోజు చేస్తారు అని ముందే అడగండి. ఎన్టీఆర్ వైద్యసేవ కింద ఏది వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో కనుక్కోండి. ఖర్చు అడిగేటప్పుడు పరీక్ష ఖర్చే కాదు, ల్యాబుల ఖర్చు కూడా కలిపి అడగండి. సీటీ రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు, ఫిల్ములు, సీడీ తీసుకెళ్లండి. గ్రంథి ఎక్కడుందో వాళ్లు కళ్లతో చూసుకోవాలి. టీబీయే అని తేలితే నిక్షయ్‌లో (టీబీ రోగుల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్‌లో) పేరు నమోదై ఉందో లేదో చూసుకోండి. పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు నేరుగా ఖాతాలో పడతాయి.

మొక్కు మాటకొస్తే, అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లు. నాలుగు నెలలుగా దగ్గుతో చిక్కిపోయి, గుండెకు స్టెంట్ ఉన్న మనిషికి అవి ఇప్పుడు తగవు. ముక్క తీశాక కొన్ని రోజులు బరువైన శ్రమ ఏదీ కూడదు. స్వామి వడ్డికాసులవాడే అయినా, కొన్ని నెలల వాయిదాకు కోపగించుకోడు. అంతగా మనసు ఊరుకోకపోతే పరీక్షకు ముందే బస్సులో తీసుకెళ్లి దర్శనం చేయించండి, తలనీలాలు ఇప్పించండి. నడక మొక్కు వైద్యం పూర్తయ్యాక తీర్చుకోవచ్చు. కొండమీదికి బస్సులో వెళ్తే ఊపిరితిత్తులకు వచ్చే నష్టం లేదు, అది అంత ఎత్తు కాదు. దర్శనానికి వెళ్లడం కోసం పరీక్ష తేదీ మాత్రం జరపకండి.

చివరగా ఫలితం గురించి. ముక్క రిపోర్టు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. నెగటివ్ అని వస్తే 'ఏమీ లేదంట' అని ఊపిరి పీల్చుకుని ఫైలు బీరువాలో పెట్టేయకండి. నెగటివ్‌లో రెండు రకాలుంటాయి. నమూనా బాగా వచ్చి అందులో జబ్బు లేకపోవడం ఒకటి, అసలు పనికొచ్చే నమూనాయే రాకపోవడం ఇంకొకటి. రిపోర్టులో లింఫు కణాలు (గ్రంథిలో ఉండే కణాలు) ఉన్నాయని రాశారా, లేక నమూనా సరిపోలేదని రాశారా అని డాక్టరును అడగండి. రెండోదైతే ఇంకోసారి చేయించాలి, లేదా స్కాన్ చూస్తూ బయటి నుంచి సూదితో తీయించాలి. ఆ రోజు మేనమామగారు మళ్లీ 'నేను ముందే చెప్పాను కదా' అంటారు. ఆయన్ని కూడా డాక్టరు గదిలోకి వెంటబెట్టుకెళ్లండి.